వెండి డాలర్లు, ఉడికిన గుడ్డు

వెర్లిన్,

మీట్‌లోఫ్ ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. పిల్లికీ పెట్టు. నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను, ఆదివారం వస్తాను.

నా కేకు డబ్బాలో నీ వెండి డాలర్ల పక్కన ఉడికిన గుడ్డు పెట్టి మూత బిగించావా? వంటిల్లంతా కంపు! ఆ కంపుకి నాణేలకి నీలం, ఊదా రంగులు పట్టాయి. రేపు నాణేల క్లబ్బులో, పాపం, మొన్ననే మొగుడు పోయిన డోరీన్‌కి "మా తాత నాణేల ఆల్బంలో ఏళ్ళ తరబడి వాటంతటవే పట్టిన రంగులు" అని ఎక్కువ ధరకి అంటగడతావు. మీ తాతకి కోళ్ళు తప్ప ఆల్బం ఎక్కడిదయ్యా?

ఆర్డిత్

తా.క. డాలర్లన్నీ వంటసోడా వేసి తళతళా తోమేశాను. తోమితే నాణెం విలువ పోతుందని నువ్వేగా ఊదరగొడతావు. పోతే పోయింది. రేపు డోరీన్ ముందు నీ పరువైనా మిగులుతుంది.