ఉంగరం కాకి ముట్టిన కూడు

మహారాజశ్రీ జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు,

పుంగనూరు మండలం, గుట్టకిందపల్లె కాపురస్తుడు, చిన్నప్ప కుమారుడు మునెప్ప, వ్యవసాయం, తన చేత్తో తానే వ్రాసుకొను అర్జీ.

1999 ఫిబ్రవరి నెల.

అయ్యా,

విషయం: తమ డిపార్టుమెంటు పర్మిషనుతో మా చెరువు వద్ద ఒక కాకి కాలికి తొడిగిన ఉంగరం తీయించుట, లేనిచో సదరు కాకి ఎవరి సొత్తూ కాదని సీలు వేసిన కాగితం ఇప్పించుట గురించి.

ముందుగా ఒక మాట. పుంగనూరులో ఆఫీసు ముందర కూర్చొని అర్జీలు రాసే ఆయన వద్దకు పోతిని. అంతా విని, "కాకి మీద అర్జీనా? నేను రాయను పెద్దాయనా, నా పరువు పోతాది" అన్నాడు. అందుచేత నేనే రాస్తున్నాను. నేను చదివినది తక్కువ. అక్షరం వంకరపోయిన చోట నిదానించి చదువుకోవలెను. నాకు పిచ్చి లేదు. ఊరిలో ఎవరిని విచారించినా ఆ మాట చెప్పుదురు. చెప్పని వారు నాతో గట్టు తగాదా ఉన్నవారు.

1) గత కార్తీకంలో బెంగుళూరు నుండి పక్షుల సంఘం వారు వ్యాను వేసుకొని మా చెరువుకు వచ్చినారు. చలికాలంలో ఉత్తర దేశం నుండి మా నీళ్లకు దిగే బాతులను, తోక ఊపే చిన్న పిట్టలను దుర్భిణి పెట్టి చూచుట వారి పని. చూచుట అయినాక నా చేని గట్టున వెదురుగడలు నాటి, కంటికి కనపడనంత సన్న వల కట్టినారు. నన్ను అడిగే కట్టినారు, ఆ మాట దాచను. వలలో పడిన పిట్టను గుడ్డసంచిలో వేసి తూచి, రెక్క కొలిచి, కాలికి నంబరు గల తెల్లని ఉంగరం పటకారుతో నొక్కి వదిలినారు. పట్టిన పిట్టను కూర వండుకోకుండా వదిలే మనుషులను నేను నా జన్మలో అప్పుడే చూచితిని.

వారిలో మదనపల్లె కాలేజీలో చదివే ప్రేమకుమారి అనే అమ్మాయికి మాత్రమే తెలుగు వచ్చును. ఉంగరం ఎందుకని అడిగినాను.

"ఈ పిట్ట మళ్లా ఏ దేశంలో ఎవరికి దొరికినా, బతికుండినా చచ్చిపోయిండినా, నంబరు చూసి బొంబాయికి ఉత్తరం రాస్తారు తాతా. ఆడ నుంచి మాకు తెలుస్తాది, ఇది యాడికి పోయిందో."

"తెలిసి ఏం జేస్తారు మే?"

"తెలుసుకునేదే పని తాతా."

నాకు నవ్వు వచ్చినది. ఇప్పుడు రావడం లేదు.

2) అట్లుండగా ఒక ఉదయం వలలో కాకి పడినది. దాని అరుపు విని ఊరి కాకులన్నీ వచ్చి మా నెత్తిన తిరగసాగినవి. నా భార్య రెడ్డెమ్మ చేనికి సద్ది తెచ్చి అక్కడే ఉండినది. ఆమె గట్టు మీద నుండి గట్టిగా అరిచినది.

"వదలండమ్మా దాన్ని! కాకిని పట్టుకోకూడదు. పెద్దోళ్లు ఆ రూపంలో తిరగతా ఉంటారు."

"ఇదొక్కటి ఏసి వదిలేస్తాం అవ్వా. పడింది కదా, దీనికీ ఒకటి ఉండనీ."

"దానికి యాల ఉంగరం? పెండ్లి కుదిరిందా ఏంది?"

అందరూ నవ్వినారు. తెలుగు రానివారు కూడా నవ్వినారు. ఉంగరం వేసి వదిలిన తరువాత ఆ కాకి పారిపోలేదు. గట్టు మీద కూర్చొని, ముక్కుతో ఉంగరం పీక్కొనుచు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూచినది. "పోవే" అన్నది రెడ్డెమ్మ. అప్పుడు పోయినది.

3) మార్గశిరంలో రెడ్డెమ్మకు కడుపులో నొప్పి పుట్టి మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేర్చినాను. ఆపరేషను చేయవలెను, అంతవరకు నోటికి ఏమీ ఇవ్వరాదని చెప్పినారు. అప్పటికే ఆమె నొప్పి వలన ఏమీ తినక ఉండినది. నొప్పి తగ్గగానే ఆకలి వేసినది.

"రవ్వంత సంగటి పెట్టు. నంజుకునేదానికి ఊరిబిండి లేకపోయినా పర్వాలేదు" అన్నది నాతో.

నేను పోయి అడిగితిని. "ఆపరేషను అయినాక తిందురు లెండి" అన్నది నర్సమ్మ. ఆ మాట వచ్చి చెప్పితిని. రెడ్డెమ్మ గోడవైపు తిరిగి పండుకొన్నది. ఆపరేషను కాలేదు. దానికి ముందే పోయినది. తప్పు వారిదని నేను అనడం లేదు. ఆకలితో పోయినది అని మాత్రం రాస్తున్నాను. ఈ అర్జీకి కారణం అదే. తక్కినదంతా దాని వెనక వచ్చినదే.

4) ఆమె దివసం నాడు, అనగా కర్మ దినమున, చెరువు కట్ట మీద విస్తరి పరిచి, ఆమె తినే సంగటి, ఊరిబిండి, అనపగింజల చారు అన్నీ పెట్టి కాకిని పిలిచితిమి. ముందుగా వచ్చి ముట్టినది ఉంగరం కాకి. గబగబ తిన్నది. నా గుండె చల్లబడినది. లేచి మొక్కబోయినాను. మా వారిలో దివసాలు నడిపించే పెద్ద కొండప్ప నా చెయ్యి పట్టుకొన్నాడు.

"ఉండప్పా. దాని కాలు సూడు."

"చూచినా. ఉంగరం."

"ఉంగరం ఎవురిది?"

"గవుర్మెంటోళ్లది అనుకో."

"అట్లయితే అది గవుర్మెంటు కాకి. ఇంటి కోడి వచ్చి తింటే సచ్చినోళ్లకు పోతాదా? పోదు. యాల పోదు? కోడికి యజమాని ఉండాడు. కాకి యావురి సొత్తూ కాదు గనకనే అది ముడితే పోయేది. దీనికి నంబరేసి పెట్టుకొనుండారు. ఇది ముట్టింది చెల్లదు."

అక్కడ ఉన్నవారందరూ అవునన్నారు. అయ్యా, నేను కొండప్పను ఎన్నో మాటలలో కాదన్నవాడిని. ఈ ఒక్క మాటకు నాకు జవాబు దొరకలేదు. తమ వద్ద ఉంటే తెలుపవలెను.

5) మరొక మంచి రోజు చూచి మళ్లీ పెట్టితిమి. కాకులు దండిగా వచ్చి చుట్టూ తుమ్మచెట్ల మీద కూర్చున్నవి. ఒక్కటీ కిందికి దిగలేదు. ఉంగరం కాకి ఒక్కటే దిగి నడుచుకొంటూ విస్తరి వద్దకు వచ్చినది. కొండప్ప మట్టిపెళ్ల తీసుకొని విసిరినాడు. తగలలేదు. అది కొంచెం ఎగిరి మళ్లీ వచ్చినది. మళ్లీ విసిరినాడు. మూడవ పెళ్లకు పోయినది. పోయేటప్పుడు అరవలేదు. అది పోవుటతో తక్కిన కాకులన్నీ లేచిపోయినవి. పొద్దు మునిగేవరకు కూర్చున్నాము. కూటికి చీమలు పట్టినవి.

ఇచ్చట ఇంకొకటి రాయవలసి ఉన్నది. ఆ దినం మొదలు నా ఇంట్లో సంగటి కుండ మీద మూత ఉండుట లేదు. నేను మూసి పండుకొందును. ఉదయమునకు మూత పక్కన పెట్టి ఉండును. పడినట్లు కాదు, తీసి పెట్టినట్లు. లోపల సంగటి పెట్టినది పెట్టినట్లే ఉండును. మా తమ్ముని భార్య నాగమ్మ "పిల్లి బావా" అన్నది. మా ఇంట పిల్లి లేదు. ఉన్నా పిల్లి తినకుండా పోదు. మూత మీద రాయి పెట్టితిని. రాయి కూడా పక్కన ఉండినది. ఇప్పుడు నాగమ్మ మా వాకిట్లోకి రావడం మానుకొన్నది. చారు గిన్నె గోడ మీద పెట్టి కేక వేసి పోవుచున్నది. నేను భయపడుట లేదు. నా ఇంట్లో నా భార్య తిరిగినచో నాకు భయమెందుకు. అయితే మూత తీసి చూచి, తినలేక మళ్లీ పోవుచున్నది గదా అని మాత్రం ఉన్నది.

6) "ఈ చెరువు కాడ ఆ కాకి ఉన్నంతకాలం ఇంకోటి దిగదు. దూరంగా బిడ్డింట్లో పెట్టుకో. ఆడ ఉంగరాలేసేవోళ్లు యావురూ పోయుండరు" అని కొండప్పే చెప్పినాడు. నా కూతురు మునీశ్వరి కాపురం కుప్పంలో. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా పోయినాను. ఆ ఊరు ఎంత దూరమో తమరికి తెలియును. మిద్దె మీద విస్తరి పెట్టితిమి. రైలు కట్ట వైపు నుండి కాకులు వచ్చినవి. గోల గోలగా అరుచుచుండినవి. ఉన్నట్టుండి అన్నీ నోరు మూసుకొన్నవి.

"నాయనా, దాని కాలు సూడు" అన్నది మునీశ్వరి.

ఉంగరం. నా కండ్లు మసక అనుటకు లేదు, మునీశ్వరి నాకంటె ముందు చూచినది. ఆ కాకి విస్తరి దగ్గరకు వచ్చి నిలబడినది. కూటి వైపు చూచినది. తల వంచి నా వైపు చూచినది. ముట్టలేదు. వెనక్కి తిరిగి, పిట్టగోడ ఎక్కి, పోయినది.

"ఆ పొద్దు తినేదానికి వస్తే మట్టిపెళ్లలతో తోలితిరి. ఇప్పుడు పిలిస్తే యాల తింటాది? అమ్మకు రోసం ఎక్కువ, నీకు తెలీదా?"

"తోలింది కొండప్ప మే."

"నువ్వు పక్కన్నే కూసోనుంటివి గదా నాయనా."

నేను బస్సెక్కి వచ్చేసినాను.

7) ఇంటికి పోక నేరుగా మదనపల్లె పోయి కాలేజీ గేటు వద్ద ప్రేమకుమారిని పట్టుకొంటిని. ఆ పిల్ల మంచిది. నన్ను గుర్తుపట్టి, అవ్వ సంగతి విని కండ్లనీళ్లు పెట్టుకొన్నది.

"కాకి ఎవరిదీ కాదు తాతా. గుర్తు కోసం వేసినాము, అంతే. గవర్నమెంటుదీ కాదు, మాదీ కాదు."

"ఆ మాట కాగితం మీద రాసియ్యి. కొండప్ప మొగాన కొడతాను."

"నేను రాసిస్తే ఎవరు వింటారు? చదువుకునేదాన్ని. పర్మిషను ఇచ్చింది ఫారెస్టు వాళ్లు. వాళ్లు రాస్తే చెల్లుతుంది."

"సరే. ఎన్ని కాకులకు ఏసినారు మీరు?"

"ఒక్కదానికే తాతా. అదైనా పొరపాటున పడింది గాబట్టి. కాకులకు వేసేది మా పని కాదు."

"కుప్పంలో?"

"కుప్పానికి మేము పోనే లేదే. యాల తాతా?"

కారణం చెప్పినాను. ఆ పిల్ల బస్టాండు వరకు నా వెంట నడిచి వచ్చి, బస్సు కదిలేవరకు నిలబడినది.

కాబట్టి తమరిని కోరునది ఏమనగా:

తమ మనుషులను పంపి ఆ కాకిని పట్టించి ఉంగరం తీయించవలెను. అది వీలు కానిచో, సదరు ఉంగరం కాకి మీద సర్కారు వారికి గానీ, పక్షుల సంఘం వారికి గానీ, ఇతరులకు గానీ ఎట్టి హక్కు, అధికారం, సొత్తు లేవని, అది పుట్టినది మొదలు ఈనాటి వరకు ఎవరికీ చెందని కాకి అని, తమ సంతకం, సీలుతో ఇప్పించవలెను. ఈ మండలంలో గొడ్డుకు కాగితం ఇచ్చినారు, గుడిసెకు ఇచ్చినారు, బతికి ఉన్నవాడు బతికి ఉన్నాడని కూడా ఇచ్చినారు. కాకికి ఇవ్వలేమని తమరు అనరాదు. ఆ కాగితం వచ్చినచో దివసం నాడు అది తిన్నది చెల్లును. ఆ దినం అది కడుపారా తిన్నది అయ్యా. నేను కండ్లారా చూచితిని. చెల్లితే చాలును. మళ్లీ పెట్టనక్కర లేదు.

నేను ఇంతవరకు ఏ ఆఫీసుకూ చేతులు జోడించి రాలేదు. కరువు వచ్చినప్పుడు కూడా రాలేదు. నా కొరకు అయితే ఇప్పుడూ రాను.

పై సంగతులన్నీ తమరు ఒకటికి రెండుసార్లు చదివి చిత్తగించవలెను. చివర విధేయుడు అని పెట్టవలెనట, పెట్టుచున్నాను.

తమ విధేయుడు,
గుట్టకిందపల్లె మునెప్ప (చేవ్రాలు)

మళ్లీ రాయునది: ఇది రాసి, పోస్టులో వేయక కొన్నాళ్లు జేబులో పెట్టుకొని తిరిగినాను. కారణం, కుప్పం నుండి వచ్చినది మొదలు ఆ కాకి కనపడలేదు. చెరువు కట్ట మీద, చేనిలో, ఆఖరుకు కాకులు మూగే కబేళా వద్ద కూడా చూచితిని. ఇంట్లో కుండ మూత కూడా పెట్టినచోటే ఉంటున్నది. నాగమ్మ "పీడ పోయింది బావా, ఇంక నిద్ర పో" అన్నది. నాకు నిద్ర పోయినది అప్పటి నుండే.

అందుచేత పైన ఉంగరం తీయించమని రాసినది కొట్టివేయవలెను. తీయవద్దు. తీసినచో ఇన్ని కాకులలో అది ఏదని నేను కనుక్కొందును? కాగితం ఇస్తే ఇవ్వండి, లేకుంటే ఆ కొండప్పతో నేనే తేల్చుకొందును. ఎవరికైనా ఆ కాకి ఎక్కడైనా దొరికి, నంబరు చూచి ఉత్తరం రాసినచో, అది బొంబాయికి పోనీ, ఢిల్లీకి పోనీ, నాకు ఒక కార్డు ముక్క వేయించండి. ఏ ఊరు, ఏ దేశం అని రాయకపోయినా పర్వాలేదు. దొరికినప్పుడు దాని కడుపు నిండి ఉండినదా, లేదా, ఆ ఒక్కటి అడిగి రాయించండి.