పట్టాల మీద పడుకున్నవాడు

1978 జనవరి, ఆదివారం రాత్రి

మా విద్యార్థి ఉద్యమం మీద పరిశోధన చేస్తున్నాయన పొద్దున ఇంటికొచ్చాడు. సంచీ నిండా పాత పేపర్లు. అవి చూస్తుంటే పోస్టర్లకి పూసిన మైదా జిగురు ఇంకా నా వేళ్లకుందనిపించింది. రైలుకి అడ్డంగా పడుకున్న కుర్రాడి పేరు మాత్రం ఏ పేపర్లోనూ లేదట. "ఎవరండీ అతను?" అని అడిగాడు.

అది నా స్నేహితుడు జోసెఫ్. వాడిప్పుడు రైల్వేలోనే గార్డు. తన పేరు చెప్పొద్దని ఎప్పుడో ఒట్టు వేయించుకున్నాడు. వాడు పట్టాల మీద పడుకున్న రోజు నన్ను మా నాన్న కంకిపాడులో గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. అయినా "నేనేనండీ" అనేశాను. కంకర వీపు కాల్చేసిందని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా రాసుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు.

సాయంత్రం గుణదల వెళ్లి చెబితే జోసెఫ్ పగలబడి నవ్వాడు. "పోన్లేరా, నా ఉద్యోగం నిలబెట్టావ్!"

నేను సైకిలెక్కుతుంటే మెల్లిగా అన్నాడు. "కంకర కాల్లేదురా. తెల్లవారుజాము కదా, మంచుకి తడిసి చల్లగా ఉంది."

రేపు ఆయనకి ఉత్తరం రాసి దిద్దించాలి. కానీ చల్లగా ఉందని రాస్తే, ఎవరి వీపుకో కూడా రాయాలి.