మాథియాస్ బాబాయి వదిలిన నేల

యార్క్ నది ఒడ్డు, వర్జీనియా
1684 సెప్టెంబరు 20

ప్రియమైన హెస్టర్ అక్కకు,

తమ్ముడు లెమ్యుయెల్ వందనాలతో రాస్తున్నది. నేను బతికే ఉన్నాను, మళ్లీ లేచి తిరుగుతున్నాను. అమ్మ దగ్గు తగ్గి ఉంటుందని తలుస్తాను. పరాయి ఇంట్లో అంట్లు తోమే అవస్థ నీకు ఈ చలికాలంతో తీరుతుందని రాద్దామనుకున్నాను. అలా రాయలేకపోతున్నాను.

బాబాయి నేల అమ్మి డబ్బు తెస్తానని నీకు మాటిచ్చి ఓడెక్కాను కదా. నేల ఉంది. వాగు ఒడ్డున, పొగాకుకు మంచి నేల. దాని మీద ఒక కుటుంబం కూడా ఉంది. జాబెజ్ క్రూ, అతని భార్య ట్యామ్సిన్. జాబెజ్ ఏళ్ల తరబడి బాబాయి దగ్గర ఒప్పందపు కూలీగా చేశాడు. గడువు తీరాక వాగు కింది భాగం నీదేనని బాబాయి నోటిమాటగా ఇచ్చాడట. వాళ్లు అడవి కొట్టి, మొద్దులు పెకలించి, ఇల్లు కట్టుకున్నారు. కాగితం మాత్రం రాయించుకోలేదు. బాబాయి పోయాక చట్టం ప్రకారం అంతా మనదే.

కోర్టుకు వెళ్లేముందు ఒకసారి చూద్దామని వెళ్లాను. గుమ్మంలో జాబెజ్ ఎదురై, "ఏమయ్యా, పొగాకు కొనడానికి వచ్చావా? ఇంకా కొయ్యందే!" అని నవ్వాడు. నా ఇంటిపేరు చెప్పడానికి నోరు రాలేదు. నేల వెతుక్కుంటున్నానన్నాను. "అయితే ముందు తిను. ఆకలి మీద చూస్తే ప్రతి నేలా బాగానే కనిపిస్తుంది" అని మొక్కజొన్న జావ పెట్టించాడు.

ఆ సాయంత్రమే చలిజ్వరం పట్టుకుంది. ఉన్న ఒక్క మంచం నాకిచ్చి వాళ్లు నేల మీద పడుకున్నారు. ట్యామ్సిన్ ఏదో చెట్టు బెరడు కాచి తాగించేది. చేదని మొహం తిప్పుకుంటే, "మింగు బాబూ, ఇదేమన్నా పెళ్లి విందా" అని కసిరేది. ఒళ్లు చల్లబడేకొద్దీ నాకు సిగ్గు ఎక్కువైంది. జాబెజ్ పక్కన కూర్చుని, వచ్చే ఏడు పై గట్టు దాకా దున్నుతానని ఆశగా చెబుతుంటే, ఆ గట్టు ఎవరికి అమ్మాలా అని నేను లోపల ఆలోచించుకుంటున్నాను.

లేచి తిరగగలిగాక, ఒక పొద్దున జాబెజ్ జావ తాగుతుండగా నేనెవరో చెప్పేశాను. అతను చెంచా కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, "కోత అయ్యేదాకా ఉండనిస్తారా, దొరా?" అని అడిగాడు. అంతవరకూ నన్ను ఏమయ్యా అని పిలిచినవాడు. ఆ 'దొరా'కు నేను తలెత్తలేకపోయాను.

నిన్న ఇద్దరం కోర్టుకు వెళ్లాం. ఇల్లు, వాగు కింది నేల వాళ్ల పేర రాసిచ్చాను. మనకు మిగిలింది పై అడవి. చెట్లు కొట్టి చదును చేస్తే తప్ప దాన్ని ఎవరూ కొనరు. ఆ పని నేనే మొదలుపెడతాను. అంతదాకా నువ్వు ఆ ఇంట్లోనే చెయ్యాలి అక్కా. నీకిచ్చిన మాట తప్పి, ఇక్కడ పెద్దమనిషిననిపించుకున్నాను. తిట్టు, పడతాను. అమ్మకు మెల్లగా చెప్పు.

నీ ముందుకు రావడానికి మొహం చెల్లని తమ్ముడు,
లెమ్యుయెల్ ఫెన్

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. నేనెవరో నా అంతట నేను చెప్పలేదు. ఆ పొద్దున వాళ్లను ఖాళీ చేయించే ఉత్తర్వు కోసమే కోర్టుకు బయల్దేరాను. పని చూసుకుని వస్తానని జాబెజ్‌తో చెప్పాను. ట్యామ్సిన్ కంచె దాకా వచ్చి, రొట్టె మూట చేతికిచ్చి, "కోర్టుకేనా, ఫెన్ బాబూ?" అంది. నడక అచ్చం బాబాయిదేనట, మొదటిరోజే పోల్చుకుందట. తెలిసీ నన్నెందుకు బతికించావని అడిగాను. ఆమె తల వంచుకుంది. "ఒకరోజు మందు కాచలేదు బాబూ. నువ్వు పోతే ఈ నేల మాకే ఉంటుందనుకున్నాను. ఇంతలో 'అక్కా, నీళ్లు' అన్నావు. వెళ్లి పొయ్యి ముట్టించాను" అంది. నా ఎదుట ఆమె సిగ్గుపడుతోంది! అప్పుడు వెనక్కి తిరిగి వెళ్లి జాబెజ్‌కు చెప్పాను.

ఆ జ్వరంలో నేను పిలిచింది నిన్నే అయ్యుంటుంది, అక్కా.