నాలుగంగుళాలు దించిన బండి

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

నా పాత పికప్ ట్రక్కును నీ షెడ్డుకు పంపుతున్నాను. నాలుగంగుళాలు కిందికి దించు. మోకాళ్ల నొప్పులు, అంత ఎత్తు ఎక్కలేనంటోంది మీ అక్క. ఏడాదిగా నా పక్కన కూర్చోలేదు. ఆదివారం వస్తే చాలు, ఎదురింటి విమర్శకుడి కారులో షికారు. గుర్తుందిగా, నేను పదేళ్లు కూర్చుని రాసిన నవల మీద మూడు పేజీలు రాసి, అందులో బైండింగును మాత్రమే మెచ్చుకున్న మహానుభావుడు. మీ అక్క మళ్లీ నా బండెక్కాలి. నాకింకేం అక్కర్లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. వెనక తొట్టిలో ఉన్నవి ఆ నవల ప్రతులే, పదకొండు వందలు. పాఠకుడు ఎదిగేదాకా అవి అక్కడే ఉంటాయి. కావాలంటే ఒకటి తీసుకో. రెండైనా సరే.

*

బావగారికి నమస్కారాలు.

పని అయింది. చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టల్లోంచి రెండేసి ఇనుప పట్టీలు తీసేశాను. మా షెడ్డు పద్ధతి ప్రకారం బండి ఖాళీ చేసి టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా నాలుగంగుళాలు. తరువాత మీ పుస్తకాలు ఎక్కడివక్కడ సర్దించాను. అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది

తా.క. నవల తీసుకున్నాను. మొదటి పేజీ చాలా బాగుంది. రోజూ అదే చదువుతున్నాను.

*

బావమరిదికి. ఈసారి దీవెనలు లేవు.

బండిని దించమన్నాను, పాతిపెట్టమనలేదు. మూడు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి అడుగున నిప్పురవ్వలు లేచాయి. మీ అక్క తలుపు తీసి చూసి, "ఇందులో కూర్చోవడం కాదండీ, పడుకోవాలి" అని ఎదురింటికి నడిచింది. వాడు కారు తలుపు పట్టుకుని, "మాస్టారూ, ఇన్నాళ్లకు మీ రచన నేల మీదికి దిగింది" అన్నాడు. వాడూ నీ దగ్గరే కారు బాగుచేయించుకుంటాడని ఇప్పుడే తెలిసింది. మీ ఇద్దరి ఒప్పందం నాకు అర్థమైంది.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క. ఆ టేపు నాకు పంపు. ముక్కలు చేసి తిప్పి పంపుతాను.

*

బావగారూ, కాస్త నెమ్మదించి వినండి.

ఒప్పందం లేదు, గిప్పందం లేదు. ఖాళీ బండిని కొలవడమే నా తప్పు. ఆ పుస్తకాలు ఎప్పటికీ దిగవని నాకు తట్టలేదు, ఎవరో ఒకరు కొంటారులే అనుకున్నాను. మిగిలిన పట్టీలు ఇంత బరువు మోయలేవు. తీసినవి మళ్లీ వేస్తే బండి లేస్తుంది, అక్క ఎక్కదు. పుస్తకాలో మా అక్కో, మీరే తేల్చుకోండి.

మీ బావమరిది

తా.క. ముప్పై ఏళ్లుగా ఇనుము మోసే బండ్లు చూశాను, సిమెంటు మోసే బండ్లు చూశాను. సాహిత్యం కమాన్ పట్టీలు వంచడం చూడలేదు.

*

చిరంజీవి బావమరిదికి మళ్లీ దీవెనలు.

పదకొండు వందల్లో నువ్వు తీసుకున్నది పోను అన్నీ దించాను. ఒక్కో కట్ట వరండాలో పెడుతుంటే ఒక్కో అధ్యాయం నా చేత్తో నేనే కొట్టేసినట్టుంది. బండి నువ్వన్న ఎత్తులోనే నిలబడింది. సీటు తుడిచి, తలుపు తీసి, మీ అక్కను పిలిచాను. వచ్చింది. నేను తీసిన తలుపు దాటి అటువైపు వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

"మీరు ఇటు ఎక్కండి" అంది.

ఆదివారాలవి షికార్లు కావట, డ్రైవింగు పాఠాలట. నేర్పింది విమర్శకుడట. లైసెన్సు మంగళవారం వచ్చిందట.

"మరి మోకాళ్లు?" అన్నాను.

"వాటికేం, గుండ్రాళ్లలా ఉన్నాయి. నా భయం ఎత్తంటే కాదండీ, మీ డ్రైవింగంటే. వాదన ఊపందుకుందంటే స్టీరింగు వదిలేసి రెండు చేతులూ తిప్పుతారు. ఆ మాటంటే నొచ్చుకుంటారని మోకాళ్ల మీదకి నెట్టాను."

వంతెన దాకా వెళ్లొచ్చాం. దారిలో నేను రెండు చేతులూ తిప్పుతూ ముగ్గురు సంపాదకులను, ఒక ప్రచురణకర్తను కడిగేశాను. మీ అక్క అన్నీ విని, నవ్వుతూ గేర్లు మార్చింది. ఇంత సుఖంగా నేనెప్పుడూ పోట్లాడలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. నా పక్క తలుపుకు పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించు. గట్టిది చూడు. మీ అక్క మూడో గేరులో మలుపు తిరుగుతుంది.