నల్లకాగితం పొట్లం

దాచేపల్లి,
1986 ఆగస్టు 9, శనివారం.

పూజ్యులైన అన్నయ్యకు,

చెల్లెలు రామతులసి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరూ క్షేమమే, నేను తప్ప. నీ కార్డు నిన్న అందింది. వచ్చే గురువారం మీ ప్రొఫెసరు గారిని వెంటబెట్టుకుని మొలకలు చూడటానికి వస్తున్నానని చదివి వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు సంతోషంగానే రాశావు. నాలుగేళ్లు లాబొరేటరీలో కూర్చుని, వెలుతురు తగిలితే బిగిసే ఆ పాలిమర్ పూత తయారుచేశావు. నల్లతుమ్మ గింజలకు పూసి, దీపం కింద లెక్కగా బిగించి, యాభై గింజలు నల్లకాగితంలో చుట్టి పంపావు. మన సున్నపురాయి నేలలో కూడా తేమ పట్టి ఉంచి మొలిపిస్తుందన్నావు. ఎండపొడ తగలనివ్వొద్దని, పొద్దుగూకాకే విప్పి పాతమని మరీ మరీ రాశావు. నలభై ఒకటి మొలిచాయని నేను రాసిన ఉత్తరం చూసుకుని ఇప్పుడు థీసిస్ ముగిస్తున్నావు. క్వారీ తవ్వి వదిలేసిన నేలంతా ఇవే గింజలు చల్లిస్తారట. అది చదివిన దగ్గరి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఇప్పుడు రావద్దు అన్నయ్యా. నాగులేరు పొంగుతోంది, బస్సులు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. మీ బావగారికి ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది. అంత పెద్దాయన వస్తే పలకరించడానికి ఇంట్లో మగమనిషి ఉండడు. ఇవన్నీ సాకులని నీకు తెలిసిపోతుందిలే. చిన్నప్పుడు కూడా నా అబద్ధం నీ దగ్గర ఒక్క పూట నిలిచేది కాదు.

పక్కింట్లో మేకలు కాచుకునే రత్తమ్మత్తకు సంగతి చెబితే, తుమ్మమొక్కలు చూడను హైదరాబాదు నుంచి వస్తారా, ఇదేం చోద్యమే అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మళ్లీ తనే, నేనెవురికీ చెప్పనులే, నువ్వేంది అట్టా వణికిపోతన్నావు అంది. తేలు కుట్టిన దొంగలా ఇంట్లోకి వచ్చేశాను.

వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు
రామతులసి

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. ఆ మొలకలు నీ గింజలవి కావు అన్నయ్యా. పొట్లం వచ్చిన రోజు మా అత్తగారు, ఇత్తనం ఇంటికొస్తే ముందు ఎండ చూపియ్యాల గదా అంది. ఏ విత్తనానికైనా మేం చేసే పనే కదా, నీ మాట మరిచిపోయి చేటలో పోసి మిద్దె మీద పెట్టాను. సాయంత్రానికి పూత రాయిలా బిగిసింది. పాతి ఇరవై రోజులైనా ఒక్కటీ మొలవలేదు. మేక తిని పెంటికల్లో వేసిన తుమ్మగింజ చానా బాగా మొలుస్తుందని రత్తమ్మత్త తన దొడ్లో ఏరి ఇస్తే, అవే గుంటల్లో పాతాను. నువ్వు తిడతావన్న భయంతో అబద్ధం రాశాను. అది నీ థీసిస్ దాకా పోతుందనుకోలేదు. వాటిని పాతేముందే నీ గింజలన్నీ తవ్వి తీశాను. ఒకటి ఇటుక మీద అరగదీసి కోస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది, ప్రాణం పోలేదు. మిగతా నలభై తొమ్మిదీ నల్లకాగితంలోనే చుట్టి దాచాను. ఈ ఉత్తరం మీ ప్రొఫెసరు గారికి చూపించు. చదివాక కూడా ఆయన వస్తానంటే తీసుకురా. పొట్లం నా చేత్తోనే ఇస్తాను.