పెన్సిల్ టిక్కుల కార్డు

వెర్నన్ అన్నయ్యా,

సూపు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తాగు. కుక్కని ఓసారి బయట తిప్పు. బల్ల మీదున్న, నువ్విచ్చిన బేస్‌బాల్ కార్డు జోలికి మాత్రం పోకు. రబ్బరు నా సంచిలో వేసుకుపోతున్నాను, ఇల్లంతా వెతక్కు.

ఫైర్ స్టేషన్ హాల్లో కార్డుల సంతకి వెళ్తున్నా. ఆటగాళ్ల బొమ్మల కార్డుల్లో అరవై రెండు నాటి సెట్టే కూడబెట్టడం మొదలుపెడుతున్నాను, ఆ చెక్కరంగు అంచులదే. అంచుల రంగు ఇట్టే రాలిపోతుందనీ, దాదాపు ఆరువందల కార్డులు ఈ వయసులో నావల్ల కాదనీ, తొలిసారికి చిన్న సెట్టు చాలనీ రాత్రి భోజనం దగ్గర జోరీగలా పోరావు. విన్నాను. వినడం వరకే.

చిన్నప్పటి నీ అరవై రెండు సెట్టులో మిగిలిన ఆ జాబితా కార్డు, దొరికిన కార్డు నంబరు పక్క గడిలో టిక్కు పెట్టుకునేది, నాకిచ్చావు, సంతోషం. కానీ టిక్కులు చెరిపేస్తేనే సంతలో దానికి విలువ అంటావేంటి? అవి ఎవరు పెట్టినవి? నాకప్పుడు ఎనిమిదేళ్లు. "ఆడపిల్లవి, మూలలు నలిపేస్తావు" అని గదిలోకే రానివ్వలేదు నువ్వు. గుమ్మంలో కూర్చోబెట్టి లోపల్నుంచి నంబర్లు చదివేవాడివి, నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ కార్డుల్లో నాకు దక్కింది ఆ టిక్కులే. వాటినీ చెరుపుతావా?

చెరపనివ్వను.

లొరైన్

తా.క. సాయంత్రం కార్డులతో నేను లోపల కూర్చుంటా. నంబర్లు నేను చదువుతా. నీ మోకాళ్లు బాగోలేవుగా, గుమ్మంలో కుర్చీ వేస్తాలే. ఖాళీ గళ్లలో టిక్కులు నువ్వు పెట్టు. పెన్నుతో.