నా నడుముకి ఎంత సీసం

తవేయుని దీవి,
మంగళవారం

అమ్మా, నా బంగారు అమ్మా,

నువ్వు అల్లి పంపిన చాప అందింది. దాని మీదే కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి నుంచి సిలిండర్లు మోసి భుజాలు లాగేస్తున్నాయి. అయినా ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఆగితే ఇక రాయను.

నేను ఈ పని మానేసి ఇంటికి వచ్చేస్తున్నాను. మా పిల్ల చదువుకుంది, సముద్రం కింద తెల్లవాళ్ళకి పాఠాలు చెబుతుంది అని నువ్వు చర్చిలో అందరితో చెప్పుకుంటావని తెలుసు. మన ఇంట్లో బడి పూర్తి చేసింది నేనొక్కదాన్నే. అందుకే కారణం నీకు సరిగ్గా చెప్పాలి.

లోతుకి దిగేవాళ్ళం నడుముకి సీసపు దిమ్మలు కట్టుకుంటాం కదా. ఎన్ని అన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఒళ్ళు, రబ్బరు సూటు మందం, ఉప్పునీళ్ళా మంచినీళ్ళా, అన్నీ చూడాలి. చివరికి తేల్చేది మాత్రం నీళ్ళే. సిలిండర్‌లో గాలి దాదాపు అయిపోయాక, తొడుక్కున్న గాలి జాకెట్‌ని ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా ఉండాలి. నీళ్ళు కళ్ళ దాకా రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో చూసుకుంటే లెక్క తప్పుతుంది, గాలి ఖర్చయ్యేకొద్దీ అది తేలికైపోతుంది కాబట్టి. వచ్చిన ప్రతివాళ్ళకీ ఇది నేర్పేది నేనే.

నేను కట్టుకోవాల్సిన బరువు ఐదు కిలోలు. ఏరోని అన్న పోయినప్పటి నుంచి తొమ్మిది కట్టుకుంటున్నాను.

ఎందుకంటే నేను ఊపిరి పూర్తిగా వదల్లేకపోతున్నాను. సగం వదిలేసరికి అన్న గుర్తొస్తాడు. ఇదే ఆఖరిదేమో అనిపించి ఛాతీ బిగుసుకుంటుంది. లోపల గాలి మిగిలితే మనిషి తేలుతుంది. మునగాలంటే సీసం కలపాలి. ఎవరూ చూడకుండా అదనపు దిమ్మలు జాకెట్ జేబుల్లో వేసుకుంటున్నాను. పడవ నడిపే సకియుసా నాకు బావ వరస, మన కందవు దీవి వాళ్ళంటే ఎప్పుడూ ఆటపట్టిస్తాడు. మొన్న నన్ను పడవలోకి లాగుతూ, "ఏం మరదలా, కందవు వాళ్ళు పోతూ పోతూ మా దీవిని కూడా జేబులో వేసుకుపోతున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయిన వారం ఒక ముసలాయనతో పైకి వస్తున్నాను. బరువు ఎక్కువైతే దానికి సరిపడా జాకెట్ నింపుకోవాలి. పైకి వచ్చేకొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది. ఆగాల్సిన చోట ఆగలేక, నా చెయ్యి పట్టుకున్న ఆయనతో సహా బుడగలా పైకి తన్నుకొచ్చాను. అలా వస్తే ప్రాణాలే పోవచ్చు, అదృష్టం కొద్దీ ఆయనకి ఏమీ కాలేదు. కానీ మా డైవింగ్ షాపు పెద్దావిడ అకనీసి పడవలోంచి చూసింది. శుక్రవారం నా బరువు తనే చూస్తానంది.

అన్నకి ఎవరూ బరువు చూడలేదమ్మా. అన్నలా సముద్రపు దోసకాయలనే జీవాల్ని ఏరి అమ్మేవాళ్ళు అడుగున నడవాలని దొరికినంత సీసం కట్టేసుకుంటారు. అన్న బెల్టుకి బకిల్ కూడా లేదు, తాడుతో ముడేశారు. గాలి అయిపోయాక ఆ తడిసిన ముడి ఊడి రాలేదు. ఇదంతా తెలిసిన నేను రోజూ అలాంటి బరువే కట్టుకుని దిగుతున్నాను. నన్ను నమ్ముకుని ఇంకొకరు ఎందుకు దిగాలి? పెద్దావిడ కనిపెట్టకముందే చెప్పి వచ్చేస్తాను. మీరంతా అన్న కోసం కట్టిన నలుపు విప్పే రోజుకి అక్కడ ఉంటాను. ఆ తర్వాత నీ పక్కన కూర్చుని చాపలు అల్లుకుంటాను.

నీ
లైసాని

శనివారం

నన్ను కన్న తల్లీ,

ఈ వారం పడవ ఆలస్యమట. రెండు ఉత్తరాలూ కలిసే వస్తాయేమో. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

నిన్న పెద్దావిడతో మానేస్తానని చెప్పాను. కారణమూ చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. "మానెయ్యి. కానీ నీ బరువెంతో తేలకుండా మాత్రం నా షాపులోంచి పోనివ్వను" అంది. గాలి అయిపోవచ్చిన సిలిండర్ ఒకటి నా వీపుకి తగిలించి, పడవ కట్టిన చోట కాళ్ళు అందని నీళ్ళలోకి తీసుకెళ్ళింది.

తొమ్మిదితో మునిగాను. ఒకటి తీసింది, ఎలాగో మునిగాను. ఇంకొకటి తీసింది. ఏడు దగ్గర నీళ్ళు నా గడ్డం దాటి రాలేదు. ఊపిరి వదలమంది. వదిలాను.

"వదల్లేదే పిల్లా. బుగ్గలు ఊదావంతే."

ఎన్నిసార్లు చేసినా అంతే. పడవ అంచున కూర్చున్న సకియుసా, "బెండు గానీ మింగావా మరదలా" అన్నాడు గానీ అతని మొహంలో కూడా నవ్వు లేదు. అప్పుడు పెద్దావిడ తన మాస్కు నుదుటి మీదికి తోసుకుని అడిగింది.

"మీ అన్న పేరేంటి?"

చెప్పాను. ఆ పేరు ఈ దీవిలో ఎవరి దగ్గరా ఎత్తలేదమ్మా. గాలి గొట్టం నోట్లో పెట్టుకుని మొహం నీళ్ళలో ఆనించేసరికి ఏడుపు వచ్చింది. కబురు తెలిసిన రోజున రానిది, సమాధి చేసిన రోజున రానిది. లోపల ఉన్న గాలంతా బుడగలు బుడగలుగా పోయింది. మునిగిపోయాను. మోకాళ్ళు ఇసుకకి తగిలాయి. భయం వెయ్యలేదు. ఒళ్ళంతా అలసట, అక్కడే పడుకుంటే బాగుండుననిపించింది. పెద్దావిడ కిందికి వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. నన్ను వెంటనే పైకి రమ్మని సైగ చెయ్యలేదు.

పైకి వచ్చాక, ఏడే కదా నా బరువు అన్నాను. కాదంది. "ఏడ్చేటప్పుడు చూస్తే లెక్క తేలదు. ఊపిరి కుదురుకోనీ." ఒడ్డున కూర్చోబెట్టి ఉడకబెట్టిన కర్రపెండలం, చేప పెట్టింది. ఎన్నాళ్ళకో ఆకలితో తిన్నాను. సాయంత్రం మళ్ళీ దిగాం. ఈసారి ఆరు వచ్చింది. పాత ఐదు రాలేదు. నేను సిగ్గుపడుతుంటే, ఇవాళ్టి మనిషికి ఇవాళ్టి బరువు, దాన్ని చూసి సిగ్గెందుకు అంది. నెల తర్వాత మళ్ళీ చూస్తుందట. అప్పటిదాకా ఎవరినీ కిందికి తీసుకెళ్ళకూడదట, సిలిండర్లు నింపుతూ ఉండాలట. నెల తర్వాత నేనుండనుగా అని అనాల్సింది. అనలేదు.

కాబట్టి నలుపు విప్పే రోజుకి వస్తాను, మళ్ళీ తిరిగి వెళ్ళిపోతాను. కోప్పడకు.

నువ్వు కూడా ఇంతవరకూ ఏడవలేదని అక్క రాసింది. పీతల కోసం కూడా నీళ్ళలో కాలు పెట్టడం లేదటగా. నేను వచ్చాక, అలలు లేని ఒక పొద్దున చూసుకుని ఇద్దరం నడుము లోతు దాకా వెళదాం. అక్కడ నువ్వు ఎంతసేపు నిలబడితే అంతసేపు నీ చెయ్యి పట్టుకునే ఉంటాను.

నీ
లైసాని